బాడుగ తిరిగిన ఇల్లు

లింగాల కడప జిల్లాకు పడమటి అంచున, పులివెందుల ప్రాంతమున నున్న ఊరు. ఆ మండలమునకు చేరిన పార్నపల్లె వద్ద చిత్రావతిపై జలాశయము కలదు. ఒకప్పుడు వానను నమ్ముకొని వేరుసెనగ విత్తిన నేలలలో నేడు చీనీతోటలు, అరటితోటలు పెరుగుచున్నవి. కోతల కాలమున అరటిగెలలు నింపుకొని ఉత్తరదేశమునకు లారీలు పోవుచుండును. ఆ ఊరి రైతొకరు మాకు చిరకాల మిత్రులు. నిరుడు వారు మాకొక చిక్కు ప్రశ్న వేసిరి.

ఒక నగరమున కారవాను బండ్లను బాడుగకిచ్చు సంస్థ యొకటి తన పాత బండ్లలో కొన్నిటిని అమ్మకమునకు పెట్టినది. కారవాననగా పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు లోపలనే అమర్చిన మోటారుబండి. చక్రములపై నడచు ఇల్లు. ధర క్రొత్తదాని ధరలో సగమునకు లోపు. మా మిత్రుల భార్యకు మోకాళ్ళ నొప్పులు. కాశీకి పోవలెనని ఆమెకు చిన్ననాటి కోరిక. కాని ఊరుగాని ఊరిలో సత్రముల మెట్లెక్కి దిగుచు, మరుగుదొడ్డికై వెదకుకొనుచు పోవుట తన వల్ల గాదని ఆమె మాట. కొడుకు మాత్రము, "పదిమంది తిప్పి పారేసిన బండి మనకెందుకు నాయనా?" అని అడ్డుపడెను. రెండేండ్ల చీనీ రాబడి అందులో పెట్టవలసి యున్నది. "మీరు పాత సంగతులు చదివేవాళ్ళు గదా, బాడుగ తిరిగిన బండి కొన్నోడు బాగుపడినాడా, చెడినాడా చెప్పండి" అని మిత్రులు మమ్ము పట్టుకొనిరి.

పాత సంగతులలో ఇట్టి బండి ఎక్కడ నున్నదని మొదట అనుకొంటిమి. వెదకిచూడగా అది మనకంత దూరమైన వస్తువు కాదు.

కారవాను అను మాట పారసీకమునందలి కార్వాన్ నుండి వచ్చినది. ఎడారిదారుల గుంపుగా పోవు వర్తకులకును వారి ఒంటెలకును అది పేరు. ఇంగ్లీషువారు దానిని తీసికొని మొదట ఆ గుంపునకును, పిమ్మట కప్పుగల పెద్దబండికిని వాడిరి. ఆ మాట తోకయే వ్యాను. మన పల్లెలలో పాలవ్యాను, బడివ్యాను అనునప్పుడు మనము పలుకుచున్నది సగము తెగిన కార్వానే. తెలుగున దీనికి సరియైన మాట బిడారు. లంబాడీలు ఎద్దులపై ఉప్పును ధాన్యమును వేసికొని దేశమంతయు తిరిగిన కాలమున వారి గుంపును బిడారనిరి. బస చేయు తావునకు బిడారమని పేరు. ఆలుబిడ్డలు, వంటపాత్రలు, కుక్కలు అన్నియు ఆ గుంపు వెంటనే నడచెడివి. 1871లో మద్రాసు రైలుమార్గము కడప, ముద్దనూరు, తాడిపత్రి మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసిన పిమ్మట ఎద్దుల బిడారులకు బేరము తగ్గినది. ఇంటిని వెంటబెట్టుకొని తిరుగుట మనకు క్రొత్త గాదు. దానికి చక్రములు, ఇంజను చేరుటయే క్రొత్త.

కాశీ మాట వచ్చినది గనుక ఏనుగుల వీరాస్వామయ్యను తలచుకొనక తప్పదు. మద్రాసు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రెటరు ఉద్యోగము చేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. తిరుపతి మీదుగా కడపకు వచ్చి, అహోబిలము, శ్రీశైలము చూచుకొని, హైదరాబాదు, నాగపూరు దారిని ఉత్తరమునకు పోయెను. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఆ పుస్తకమును భక్తికై చదువువారు భక్తికై చదువుదురు. మేము ఈ మారు బండి కొనువాని కన్నులతో చదివితిమి. ప్రతి మజిలీలో ఆయన చూచినదేమి? నీళ్ళున్నవా, అంగడి యున్నదా, దిగుటకు చోటున్నదా, దారి రాళ్ళదా ఇసుకదా అని. పల్లకీ, బోయీలు, గుడారములు, వంటసామగ్రి, నూరుమందివరకు పరివారము వెంట నడచినది. అనగా వీరాస్వామయ్యగారి ఇల్లును నడచినదే. కాని అది ముక్కలుముక్కలుగా మనుష్యుల భుజములపై నడచినది. మా మిత్రుల భార్య కోరునది ఆ పడకను, ఆ వంటను, ఆ మరుగును ఒక్క కప్పుక్రింద చేర్చుటయే.

అంతకు ముప్పది యేండ్ల ముందు మరియొక నడచు ఇల్లు మన సీమలో తిరిగెను. 1800లో నిజాము దత్తమండలములను కంపెనీవారికి వదలినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807వరకు ఈ ఊళ్ళ వెంట తిరుగుచు పన్నులు నిర్ణయించెను. గుడారమే కచేరి, గుడారమే ఇల్లు. తరువాత గవర్నరై, 1827లో మరల ఈ సీమ చూడవచ్చి, జూలై 6న పత్తికొండ విడిదిలో కలరాతో మరణించెను. ఇట్టి దొరల బసలు కదలినప్పుడెల్ల సామాను మోయుటకు ఊరిబండ్లు కావలసి వచ్చెడివి. బండ్లు పట్టుటయనగా ఆ కాలపు పల్లెలకు గుండెదడ. బాడుగ చేతికి వచ్చినను రాకున్నను, తిరిగివచ్చిన బండిని సొంతదారు మొదట చూచునది ఇరుసును. ఎవరో తోలిన బండి, ఎవరో వేసిన బరువు, ఎక్కడనో తగిలిన దెబ్బ. కందెన వేసినారో లేదో చక్రము తిప్పినగాని తెలియదు. బాడుగ బండిపై మన జనులకు గల అనుమానము ఆనాటిది. కొడుకు అడ్డుపడుటలో మేము ఆ పాత అనుమానమునే వింటిమి.

మన దేశమున గూడుబండ్లుండెను గాని కాపురపు బండ్లు పెరుగలేదేమి? మాకు తోచిన కారణములు రెండు. దారిపొడుగున సత్రములు, చావడులు, చింతతోపులు, దిగుడుబావులు ఉండుట ఒకటి. జోడెడ్లు లాగగల బరువు కొద్దియగుట రెండవది. మనుష్యులనే గాక మంచమును, అటకను, నీళ్ళను కూడ లాగుమనిన ఎద్దు మెడ ఒప్పదు. చలిదేశములలో చెట్టుక్రింద పండుకొనుటకు వీలు లేదు, గుఱ్ఱములు బలమైనవి, దారులు గట్టివి. అచ్చట 19వ శతాబ్ది నడుమనుండి రొమానీ జనులు పొయ్యితో సహా కాపురపు బండ్లు కట్టించుకొనిరి. ఆ రొమానీలు వేయియేండ్ల క్రిందట మన దేశపు వాయవ్యభాగమునుండి వెడలినవారేయని వారి భాషను పరిశోధించిన పండితులు చెప్పుదురు. వారి బండ్లను చూచి ముచ్చటపడి, స్కాట్లండు దేశీయుడగు గార్డన్ స్టేబుల్స్ అను నౌకావైద్యుడు 1885లో తనకై ఒక బండి చేయించెను. దానిపేరు వాండరర్, దేశదిమ్మరి యని అర్థము. సుమారు రెండు టన్నుల బరువు, 18 అడుగుల పొడుగు, రెండు గుఱ్ఱములు. సరదాకొరకే కట్టించిన కాపురపు బండ్లలో మొదటిదని దానికి ప్రసిద్ధి.

అదే 1885లో మన కడప జిల్లాలోనే, నేటి చక్రాయపేట మండలమునందలి సురభి గ్రామమున, వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకమును ఆడించిరి. సురభి నాటకసమాజమునకు అది పుట్టుక. ఆ సమాజము ఇల్లువాకిళ్ళతో సహా ఊరూర తిరిగెను. తెరలవెనుకనే వంట, తెరలవెనుకనే కాపురము, తెరలవెనుకనే పురుళ్ళు. ఊరు మారినపుడెల్ల మేడలు, అడవులు, ఆకాశములు చిత్రించిన తెరలతోబాటు పిల్లల ఊయెలలును మూటగట్టవలసి వచ్చెడిది. స్టేబుల్స్ దొర సరదాకు దేశదిమ్మరి యయ్యెను. సురభివారు పొట్టకూటికి, కళకు అయిరి. ఒకే యేట జరిగిన ఈ రెంటికి సంబంధమేమియు లేదు. అయినను లింగాలకు అంత దగ్గరలోని ఊరిలో నడచు కాపురము పుట్టినదని చెప్పగానే మా మిత్రుల భార్య ముఖము వికసించినది. ఆమె చిన్నతనమున వారి మాయాబజారు చూచినదట.

మోటారు వచ్చిన తరువాత కథ వేగముగా నడచినది. 1933లో ఇంగ్లండున ఒక రైలుకంపెనీ తన పాతబడిన పెట్టెలను స్టేషనులయొద్ద నిలిపి, పడకలు, పొయ్యి అమర్చి, సెలవులకు వచ్చువారికి బాడుగకిచ్చెను. అరిగిన వాహనము ఇల్లై బాడుగకు పోవుట అది. మన ప్రశ్న దానికి తలక్రిందు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములు వదలిన వాహనములు మన దేశమున అమ్మకమునకు వచ్చినవి. వేలమున కొన్న ఆ బండ్లు లారీలై, బస్సులై, ఊరూర తిరిగిన సినిమా డేరాలకు సామానుబండ్లై చాలకాలము నడచినవి. ఎవరో సిపాయి ఎచ్చటనో మన్నుదారిలో తోలిన బండి అది. దాని పూర్వచరిత్ర కొన్నవానికి తెలియదు. తెలిసినది మేస్త్రీకి మాత్రమే. ఇంజను విప్పి చూచినవాడు గనుక.

తెలుగునాట జనులందరు చూచిన నడచు ఇల్లు 1982లో వచ్చినది. ఆ యేడు మార్చి 29న రాజకీయపక్షమును స్థాపించిన నందమూరి తారకరామారావు పాత షెవర్లే వ్యానునొకదానిని మార్పించి, చైతన్యరథమని పేరుపెట్టి, రాష్ట్రమంతట తిరిగెను. బండి నడపినవాడు ఆయన కుమారుడు హరికృష్ణ. ఆయన నిద్ర ఆ బండిలో, స్నానము దారిప్రక్కన. 1983 జనవరి ఎన్నికల ఫలితము అందరికి తెలిసినదే. రాజకీయము మా ప్రస్తుత విషయము కాదు. ఆ బండి పాతదనుటయే మాకు కావలసిన సంగతి. అంత గట్టి పనికి పాతబండిని నమ్మినవారు, దానిని చక్కగా విప్పి బాగుచేయించిన పిమ్మటనే నమ్మిరి. నేడు సినిమావారి చిత్రీకరణలలో నటులు వేషము మార్చుకొనుటకు, విశ్రమించుటకు ఉండు బండ్లకు కారవాను అనునదే వాడుకమాట. అవి చాలవరకు దినమునకింత యని బాడుగకు వచ్చినవే. ఈ మాట పల్లెలకు ప్రాకినది కూడ సినిమా కబుర్లవల్లనే యని మా ఊహ.

విహారముకొరకు ఇట్టి బండ్లను మందలు మందలుగా పెట్టి బాడుగకిచ్చు వ్యాపారము అమెరికాలో బాగుగ పెరిగినది. 1972లో అచ్చట పుట్టిన క్రూయిజ్ అమెరికా అను సంస్థ తన బండ్లను కొన్నియేండ్లు బాడుగకు తిప్పి, పిమ్మట గృహస్థులకు అమ్మును. న్యూజిలండు, ఆస్ట్రేలియాలలోను అదే రీతి. అచ్చటి మన తెలుగువారు వేసవి సెలవులలో తలిదండ్రులను ఇట్టి బండిలో ఎక్కించుకొని, చింతపండు పులిహోర కలుపుకొని, కొండలు అడవులు చూడబోవుట ఇప్పుడు వింత గాదు. మా మిత్రులకు ఈ పిచ్చి పట్టినది కూతురింటికి పోయినపుడు అట్లే. మన దేశమున కేరళ ప్రభుత్వము 2021లో కారవాను యాత్రలకై ప్రత్యేక విధానము ప్రకటించినది. మన గండికోట లోయ అంచున గుడారములు వేసికొని రాత్రి గడపువారు ఎందరో కలరు. బండియే గుడారమైన వారును అడపాదడపా కనబడుచున్నారు.

ఇక అసలు విషయము. బాడుగ సంస్థ బండిని ఎప్పుడు అమ్మును? చెడినప్పుడు కాదు, చెడుటకు ముందు. ఇది తెలిసికొనిన సగము భయము పోవును, సగము భయము క్రొత్తగా పుట్టును. బాడుగవానికి బండి ఒకదినము నిలిచిన ఒకదినపు రాబడి నష్టము. దారిలో ఆగినచో బాడుగ తిరిగి ఈయవలెను, పేరు పోవును. కావున పెద్ద మరమ్మతుల కాలము దగ్గరకు రాగానే అమ్మివేసి క్రొత్తది దింపుకొనును. ఎద్దుల వ్యాపారి చేయునదియు ఇదియే. ఎద్దునకు పాలపళ్ళు పోయి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు క్రమముగా వచ్చును. ఎనిమిది పళ్ళు నిండిన పిమ్మట వయస్సు చెప్పునది పంటి అరుగుదల మాత్రమే. తెలివిగల వ్యాపారి పళ్ళు నిండగానే సంతకు తోలును. కొన్నవాడు మోసపోయినాడా? వానికి కావలసినది రోజుకు పది మైళ్ళు బరువులాగు ఎద్దయినచో మోసపోయినాడు. ఏటికి నాలుగెకరములు దున్ను ఎద్దయినచో మోసపోలేదు. బాడుగబండి ఏటికి రెండువందల దినములు రోడ్డుమీద నున్నదనుకొందము. మా మిత్రుల ఇంట అది నలువది దినములకంటె ఎక్కువ కదలదు. బాడుగవానికి ముసలిదైనది గృహస్థునకు నడివయస్సుది.

పైగా, ఒక్కరి ఇంట నున్న బండి మంచిదను నమ్మకము కూడ ఎల్లప్పుడు నిజము కాదు. ఏడాదికొక్క మారు కదలిన బండిలో రబ్బరు బిగింపులు ఎండి పగులును, బ్యాటరీ చచ్చును, నీళ్ళగొట్టములలో పాచి పట్టును. నడచుచున్న బండికి ఆ జబ్బులు తక్కువ. బాడుగ సంస్థ లెక్క వ్రాసికొనును. గృహస్థు జ్ఞాపకముపై నడపును. లెక్క గల బండి, లెక్క లేని బండి అని రెండే జాతులు. బాడుగది, సొంతది అను భేదము దానికి తరువాతది.

ఈ అభిప్రాయముతో మేమును, మా మిత్రులును, వారి భార్యయు, కొడుకును కలిసి ఆ నగరమునకు పోయితిమి. అమ్మకమునకు మూడు బండ్లుండెను. మన దేశమున ఇట్టి బండ్లను సాధారణముగా మామూలు వ్యానుల, బస్సుల చాసిస్‌ల మీదనే కట్టుదురు. కావున ఇంజను చెడిన ప్రొద్దుటూరులోనో కడపలోనో బాగుచేయువారు దొరకుదురు. చిక్కంతయు పైనున్న ఇంటితోనే. ఇంటికి శత్రువు నీరు. కప్పు అతుకులలో, కిటికీల అంచులలో సన్నని చీలిక చాలును. వాన లోపలికి దిగి పలకగోడలను మెత్తపరచును. బయటికి రంగు మెరయుచునే యుండును.

మొదటి బండి మెరసినది. లోపల అగరువత్తుల వాసన గుప్పుమనెను. మేము సంతోషించుచుండగా ఆ తల్లి వెనుకమూల గోడను బొటనవ్రేలితో నొక్కెను. వ్రేలు లోనికి దిగెను. "ఇంట్లో ఇంత సాంబ్రాణి వేసేది చెమ్మవాసనకే" అని ఆమె దిగివచ్చెను. రెండవ బండి చక్కనిదే కాని దాని మరమ్మతుల పుస్తకము లేదు; జనరేటరు ఎన్ని గంటలు నడచినదో చూపు మీటరు పనిచేయలేదు. కిలోమీటర్ల లెక్క చక్రములు నడచినది చెప్పును గాని, బండి నిలిచియుండగా రాత్రులెల్ల నడచిన జనరేటరు సంగతి చెప్పదు. ఇల్లు నడచినదెంతో ఆ గంటల మీటరుననే తెలియును.

మూడవది రంగు వెలసి, ప్రక్కల గీతలుపడి యుండెను. దాని పుస్తకము మాత్రము లావుగా నుండెను. నూనె మార్చిన తేదీలు, బ్రేకులు మార్చినవి, నీటి పంపు రెండుమార్లు మార్చినది, ఒకమారు వెనుకకు పోవుచు స్తంభమునకు కొట్టుకొన్నది సయితము వ్రాసియుండెను. దోషము వ్రాసిన పుస్తకమును మేము నమ్మితిమి. కొడుకు అంతవరకు మాటలాడలేదు. చక్రములయొద్ద కూర్చుండి టైర్ల ప్రక్కలు తుడుచుచుండెను. టైరుపై నాలుగంకెల గుర్తొకటి యుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనిన 2019లో 23వ వారమున పుట్టిన టైరు. పైన గాడులు లోతుగానే యుండవచ్చును. కాని ఆరేడేండ్లు దాటిన రబ్బరును దూరప్రయాణమునకు నమ్మరాదు. "ఇవి దీని పళ్ళు నాయనా, నిండిపోయినాయి" అని కొడుకు చెప్పగా తండ్రి నవ్విరి. ఆ టైర్లన్నిటి వెల ధరలో తగ్గినది. సంతలో దళారులు తుండుగుడ్డక్రింద వ్రేళ్ళు పట్టుకొని బేరమాడినట్లు గాక, ఇచ్చట కాగితముపై వ్రాసియే తగ్గించిరి.

అన్నిటికంటె పెద్ద పరీక్ష ఆమెది. మెట్టు ఎత్తుగా నున్నది, ఎక్కలేకపోయినది. క్రింద అరయెత్తు మెట్టొకటి బిగింపించినగాని తీసికొనరాదని తేల్చెను. మరుగుదొడ్డి తలుపు తెరచి, లోపల కూర్చుండి లేచి చూచెను. పట్టుకొని లేచుటకు కమ్మి కావలెననెను. ఇంజను గురించి మేము ముగ్గురము మాటలాడినంతసేపు ఆ కమ్మి ఎవరికిని తట్టలేదు.

తరువాత కాటాకు తీసికొనిపోతిమి. నీళ్ళతొట్టి నింపించి, నలుగురము ఎక్కి తూచితిమి. నూరు లీటర్ల నీళ్ళనిన నూరు కిలోల బరువు. ఆర్.సి.లో వ్రాసిన మొత్తము బరువునకు మించినచో బ్రేకులు, ఇరుసు రెండును ఓర్వవు. బాడుగకు పోయిన నాళ్ళలో ఎవరెవరు ఎంత సామాను ఎక్కించిరో గాని, మా లెక్కకు కొంత ఎడము మిగిలినది. బియ్యము, పప్పు, పచ్చళ్ళ జాడీలు దానిలో ఇమడవలెను. మొత్తము బరువు 7500 కిలోలకు లోబడియే యుండుటచేత కారు నడపు లైసెన్సే దీనికిని చాలినది.

కాగితముల సంగతి విసుగైనదే యైనను చెప్పవలెను, ఏలయన ధరలో మిగిలినదంతయు అచ్చట పోవచ్చును. మనమే నడపుకొనుటకు బాడుగకిచ్చు బండ్లకు నల్లపలకపై పసుపు అక్షరములుండును, డ్రైవరుతో బాడుగకు పోవువాటికి పసుపుపలకపై నల్ల అక్షరములు, సొంతబండికి తెల్లపలక. ఆ పలక మారవలెననిన రవాణా కార్యాలయపు అనుమతి కావలెను, పన్నులో తేడా కట్టవలెను. బాడుగబండికి మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్లకొకమారు, తరువాత ఏటేట ఎఫ్.సి. కావలెను, ఆ కాగితముల వరుస తెగకుండ నున్నదా యని చూడవలెను. సంస్థ అప్పు తెచ్చి కొన్న బండియైనచో ఆర్.సి.పై బ్యాంకు పేరుండును. అది కొట్టివేయుటకు ఫారము 35. ఇతర రాష్ట్రపు బండికి ఫారము 28పై అభ్యంతరము లేదను పత్రము. యాజమాన్యము మారుటకు ఫారములు 29, 30. డబ్బంతయు ముందుగా ఇచ్చివేసి ఈ ఫారములకై తిరుగుట తగదని మేము గట్టిగా చెప్పితిమి. మూడవవంతు నిలిపియుంచి, బ్యాంకు పేరు కొట్టివేసిన పిమ్మట ఇచ్చుటకు ఒప్పందము వ్రాసికొంటిమి. పని రెండు నెలలు పట్టినది.

బండి లింగాల చేరిన సాయంకాలము వీధిలో పిల్లలు మూగిరి. పడకలు, పొయ్యి, అద్దము చూచి వింతపడిరి. తన కాలములో ముద్దనూరు రైలుస్టేషనుకు బాడుగబండి తోలిన ముసలి పెద్దయొకరు కఱ్ఱ పొడుచుకొనుచు వచ్చిరి. లోపలికి తొంగియైన చూడలేదు. వంగి, చక్రముల నడుమకు చూచి, "పైదంతా సరే అబ్బీ, ఇరుసు ఎట్టుండాది?" అని అడిగిరి. మా మిత్రులు ఆ లావుపాటి పుస్తకము తెచ్చి, ఇరుసు సంగతి వ్రాసిన పుట తీసి, బిగ్గరగ చదివి వినిపించిరి.